బెంగకు ప్యాకేజీ లేదు

పుట్టుకతో గుండెజబ్బు ఉన్న పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించామన్నది మన ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకునే మాటల్లో ఒకటి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. రాష్ట్రం రెండయింది, పథకం పేరు ఒకచోట మారి, మళ్లీ మారింది. గుండె ఆపరేషన్లు మాత్రం జాబితాలో నిలిచి ఉన్నాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. వెయ్యిమంది బిడ్డలు పుడితే వాళ్లలో ఎనిమిది తొమ్మిదిమందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని అంచనా. అంటే మన దేశంలో ఏడాదికి రెండు లక్షలకు పైనే. వాళ్లలో దాదాపు ఐదోవంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స అవసరమవుతుంది. ఒకప్పుడు ఎకరమో అరెకరమో అమ్ముకోగలిగినవాళ్ల బిడ్డే ఆపరేషన్ బల్లదాకా వెళ్లేది. ఇప్పుడు కూలివాళ్ల బిడ్డ కూడా వెళ్తోంది. ఇది పోరాడి నిలుపుకోవలసిన విషయమే.

నేను మాట్లాడదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. బిడ్డ ఇంటికొచ్చి, కుట్లు మాని, చూసిపోయే చుట్టాలు తగ్గి, రెండు మూడు నెలలు గడిచాక మొదలయ్యే సంగతి. పథకం లెక్కలో అప్పటికి ఆ బిడ్డ 'విజయవంతం'. ఇంట్లో మాత్రం ఆ బిడ్డ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చుంటూ ఉంటుంది.

తల్లుల ఆరోగ్యం మీదా, ఆసుపత్రుల చుట్టూ తిరిగే స్త్రీల శ్రమ మీదా పనిచేస్తున్న క్రమంలో ఇలాంటి తల్లులు చాలామందితో నేను మాట్లాడాను. వాళ్లు చెప్పినవి దాదాపు ఒకేలా ఉంటాయి. మూడేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. నాలుగేళ్ల పిల్ల కొంగు వదలదు. తల్లి బహిర్భూమికి వెళ్లినా తలుపు దగ్గర నిలబడి ఏడుస్తుంది. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి కనబడితే మంచం కింద దూరుతుంది. వచ్చిన మాటలు కొన్ని పోయాయి. తమ్ముణ్ణి కొడుతున్నాడు. అన్నం నోట్లో పెట్టుకుని మింగడు. బొమ్మకు గుండె మీద గీత గీసి, దూది అంటించి, మళ్లీ పీకేస్తోంది. ఈ చివరిది చెప్పిన తల్లి నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది.

ఇవి చాలామంది పిల్లల్లో కొన్ని వారాల్లోనో, నెలల్లోనో తగ్గిపోతాయి. అది కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివే తల్లులను నేనే భయపెట్టినదాన్నవుతాను. కానీ కొందరిలో తగ్గవు. తగ్గుతాయో తగ్గవో, ఎప్పటిదాకా ఆగి చూడాలో, ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు సమస్య. ఇంట్లో ఉన్నవాళ్లు, బయటివాళ్లు, కొన్నిసార్లు వైద్యులు కూడా చెప్పే జవాబు ఒక్కటే: "గారాబం ఎక్కువైంది."

గారాబం అన్న మాటలో కర్త ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. గారాబం చేసేది తల్లే. బిడ్డ గుండెలో చిల్లుతో పుట్టడానికి కారణం కూడా ఆమే అయింది గదా! గ్రహణం రోజు బయట తిరిగిందనో, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తినకూడనిది తిన్నదనో అన్నారు. మేనరికపు పెళ్లిళ్లలో ఈ జబ్బుల అవకాశం కొంత ఎక్కువని మన దక్షిణాది అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మేనరికాన్ని కుదిర్చింది పెద్దలు. ఆస్తి బయటికి పోకూడదనో, కట్నం తగ్గుతుందనో, పిల్ల కళ్లముందు ఉంటుందనో మేనమామకో బావకో కట్టబెట్టినప్పుడు ఆ అమ్మాయిని అడిగినవాళ్లు లేరు. లోపం మాత్రం ఆమె కడుపులో కనిపించింది. ఆపరేషన్ అయ్యాక లోపం ఆమె పెంపకంలోకి మారింది.

ఈ గారాబం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం ఓపిగ్గా చూద్దాం.

పిల్లల్లో కనిపించే గుండెజబ్బుల్లో టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనేది ఒకటి. గుండె కింది రెండు గదుల మధ్య గోడకు చిల్లు ఉంటుంది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉంటుంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా, ముక్కినా ఆ దారి మరింత బిగుసుకుపోతుంది. అప్పుడు ప్రాణవాయువు అందుకోవలసిన రక్తం ఊపిరితిత్తులకు పోకుండా, ఆ చిల్లులోంచి అలాగే ఒళ్లంతటికీ పోతుంది. పెదవులు, గోళ్లు నల్లబడినంత నీలమవుతాయి. స్పృహ తప్పుతుంది. ప్రాణమే పోవచ్చు. అందుకే వైద్యులు తల్లికి రెండు విషయాలు నేర్పుతారు: నీలమెక్కితే మోకాళ్లు ఛాతీకి ఆనేలా ముడిచి పట్టుకో, బిడ్డను ఏడవనివ్వకు. కొంచెం పెద్ద పిల్లలయితే మొదటిది వాళ్లే నేర్చుకుంటారు. ఆడుతూ ఆడుతూ ఆయాసమొచ్చి గొంతుక్కూర్చుంటారు. రెండోది తల్లి నేర్చుకోవలసిందే.

ఏడవనివ్వకు అనడం ఎంత తేలిక! దాన్ని అమలు చేయడమంటే ఏమిటో ఆ ఇళ్లలో చూడాలి. అడిగినది అడగకముందే చేతిలో పెట్టాలి. తోడబుట్టిన పిల్లలు ఆమెను ఏ ఆటలోనూ ఓడించకూడదు. దెబ్బ సంగతి సరే, గట్టిగా మందలించకూడదు. రాత్రి బిడ్డ కదిలితే ఏడుపుగా మారకముందే తల్లి లేవాలి. ఒక్కోసారి రెండేళ్లు, మూడేళ్లు ఇలా సాగుతుంది. ఆపరేషన్ కోసం వేచివుండే వరుసను బట్టి, బరువు పెరగడాన్ని బట్టి. పాలమూరు వైపు ఒక తల్లి నాతో అన్నది: "మూడేండ్లు నేను నిద్రల గూడ చెవులు తెర్చుకునే ఉన్న మేడం. ఇప్పుడు మూసుకోమంటే ఎట్ల మూసుకుంట?"

ఆపరేషన్ అయింది. చిల్లు మూశారు, దారి వెడల్పు చేశారు. ఇక ఆ బిడ్డ ఏడిస్తే ప్రాణభయం లేదు. ఈ ఒక్క వాక్యం ఆమెకు ఎవరైనా చెప్పారా అని నేను అడుగుతూ వచ్చాను. చంకల కింద చేతులు వేసి ఎత్తవద్దని చెప్పారు, రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు. మందుల వేళలు చెప్పారు. పళ్లు శుభ్రంగా ఉంచమన్నారు, జ్వరమొస్తే తీసుకురమ్మన్నారు. ఇవన్నీ అవసరమైనవే. ఏడవనివ్వకు అన్న ఆజ్ఞ రద్దయిందని మాత్రం నేను మాట్లాడిన తల్లుల్లో ఎక్కువమందికి ఎవరూ చెప్పలేదు. ఆమె పాత ఆజ్ఞనే పాటిస్తోంది. నిన్నటిదాకా దాన్ని జాగ్రత్త అన్నారు. ఈ రోజు అదే పనికి గారాబం అని పేరు పెట్టారు.

బిడ్డ వైపు నుంచి కూడా చూడాలి. ఏడవబోతే లోకమంతా పరుగెత్తుకొచ్చే ఇంట్లో పెరిగిన బిడ్డ అది. తన ఏడుపు ప్రమాదకరమైనదని దానికి మాటల్లో ఎవరూ చెప్పలేదు. చుట్టూ ఉన్న ముఖాలే చెప్పాయి. అలాంటి బిడ్డను ఒక రోజు తల్లి చేతుల్లోంచి తీసుకుని చక్రాల బల్ల మీద తలుపుల వెనక్కి తీసుకెళ్లారు. కళ్లు తెరిచేసరికి గొంతులో గొట్టం, చేతులకు కట్లు. ఏడవడానికి కూడా గొంతు రాదు. తల్లి అద్దం అవతల ఉంది, లేదంటే అసలు కనిపించదు. ఇంటికొచ్చాక ఆ బిడ్డ కొంగు వదలకపోతే అందులో మొండితనం ఎక్కడుంది?

మన భాషలో దీనికి మంచి మాటలున్నాయి. బిడ్డ బెంగ పెట్టుకుంది అంటాం. దడుసుకుంది అంటాం. బెంగ అంటే మారాం కాదు, పెంకితనం కాదు. పోగొట్టుకున్న దాని కోసం, పోతుందేమోనన్న దాని కోసం లోపల్లోపల కుంగిపోవడం. బెంగ పెట్టుకున్న బిడ్డ చిక్కిపోతుందనీ, తిండి సయించదనీ, నిద్ర పట్టదనీ మన అమ్మమ్మలకు తెలుసు. వైద్యం చేసే వ్యవస్థకు ఈ మాట తెలియదు. గుండె కొట్టుకునే లెక్క, రక్తంలో ఆక్సిజన్ శాతం, ఎకో రిపోర్టు - వీటి మధ్య బెంగ రాయడానికి గడి లేదు. అందుకే ఆ తల్లి బిడ్డను దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తుంది, మంత్రం వేయిస్తుంది, దిష్టి తీస్తుంది. చదువుకున్నవాళ్లం నవ్వుతాం. తాయెత్తు బెంగను తగ్గిస్తుందని నేను వాదించబోవడం లేదు. కానీ ఆ పిల్ల భయాన్ని ఒక జబ్బుగా గుర్తించి, కూర్చోబెట్టి, తల నిమిరి, తల్లి చెప్పేది చివరిదాకా విన్న చోటు ఆమెకు అదొక్కటే దొరికింది. ఆ పని ఆసుపత్రి ఎందుకు చేయలేకపోయింది అన్నది నా ప్రశ్న.

ఇక పరిశోధకుల సంగతి. నేనూ ఆ గూటి పక్షినే కాబట్టి కొంచెం చనువుగా మాట్లాడతాను. 1964లో అమెరికాలో గ్రీన్, సాల్నిట్ అనే ఇద్దరు వైద్యులు, చనిపోతుందనుకుని బతికిన బిడ్డల గురించి ఒక వ్యాసం రాశారు. అలాంటి బిడ్డను తల్లిదండ్రులు ఎప్పటికీ ప్రమాదంలో ఉన్నట్టే చూస్తారనీ, ఆ చూపు వల్ల బిడ్డ ప్రవర్తనలో ఇబ్బందులు వస్తాయనీ చెప్పారు. 1991లో బోస్టన్‌లో డిమాసో, ఆయన సహచరులు గుండెజబ్బు పిల్లల మీద చేసిన అధ్యయనంలో, పిల్లల మానసిక సర్దుబాటుకు జబ్బు తీవ్రత కంటే తల్లి దృష్టికోణంతోనే ఎక్కువ సంబంధం ఉందని తేలింది. ఈ ఫలితాలను నేను కొట్టిపారేయను. తల్లి భయం బిడ్డకు అంటుతుందన్నది అబద్ధమేమీ కాదు. అయితే, 'తల్లి దృష్టికోణం' అని వాళ్లు కొలిచినది ఎలా తయారైందన్న ప్రశ్న అక్కడితో ఆగిపోకూడదు. ఆమెకు ఏం చెప్పారు, ఏం చెప్పలేదు, రాత్రి ఎవరు మేలుకున్నారు, భర్త ఎక్కడున్నాడు, అత్తగారు ఏమన్నారు - ఇవన్నీ ప్రశ్నావళి బయటే ఉండిపోతే మిగిలేది తల్లి మనస్తత్వం ఒక్కటే. అది దొరికాక చికిత్స కూడా ఆమెకే: "మీరు ధైర్యంగా ఉండండమ్మా."

అసలు ఈ రంగంలో చాలా అధ్యయనాలకు సమాచారం ఇచ్చింది తల్లులు. తండ్రి ఎక్కడ అని అడిగితే సంతకం దగ్గర ఉన్నాడని చెప్పాలి. ఆపరేషన్‌కు ఒప్పుకోలు పత్రం మీద ఆయన సంతకం ఉంటుంది. తండ్రులందరినీ ఒక గాటన కట్టడం లేదు. బిడ్డను భుజాన వేసుకుని ఆరుబయట రాత్రుళ్లు గడిపిన తండ్రులను నేను చూశాను. పిల్లల వార్డుల్లో చాలాచోట్ల రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వరు కూడా. అలా నిబంధన కూడా సాకే ఒక తల్లి పనిని తల్లి ఒక్కదాని మీదే వేస్తుంది. ఆమె పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోకీ రాదు. ఇంటి దగ్గర చిన్నవాళ్లను చూసుకోవడానికి పెద్ద కూతురు బడి మానిందన్నదీ రాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆపరేషన్ తర్వాత పిల్లల్లో కనబడే ప్రతి ఇబ్బందీ భయం వల్ల వచ్చింది కాదు. తీవ్రమైన గుండెలోపాలున్న శిశువుల్లో మెదడు ఎదుగుదల కడుపులో ఉన్నప్పుడే కొంత వెనుకబడి ఉండవచ్చు. పుట్టాక ప్రాణవాయువు చాలకపోవడం, గుండెను ఆపి యంత్రంతో రక్తం నడిపించడం, ఐసీయూలో ఎక్కువ రోజులు గడపడం, కొందరిలో జన్యుపరమైన కారణాలు - ఇవన్నీ కలుస్తాయి. బోస్టన్‌లోనే 1988, 1992 మధ్య, గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులూ తారుమారై పుట్టిన శిశువులకు ఆపరేషన్ చేసి, వాళ్లను పదహారేళ్ల వయసు దాకా గమనించారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, వాళ్లలో 35 శాతం మందికి అప్పటికి ఏదో ఒక దశలో మానసిక సమస్య ఉన్నట్టు గుర్తించారు. పోలిక కోసం తీసుకున్న పిల్లల్లో ఇది 20 శాతం. ఏకాగ్రత కుదరకపోవడం, నిలకడ లేకపోవడం అనే సమస్య 19 శాతం, 7 శాతం. తిరగేసి చూస్తే మూడింట రెండు వంతుల మందికి ఏ మానసిక సమస్యా రాలేదు. వచ్చినవాళ్ల విషయంలో అది పెంపకం తప్పు అని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు.

మన ఊళ్లో ఆ పిల్లాడు ఒకటో తరగతికి వచ్చేసరికి ఏమవుతుంది? అక్షరాలు గుర్తుండవు, ఒకచోట కూర్చోడు. అతనికి ఆపరేషన్ అయిందని టీచరుకు తెలిస్తే వెనక బెంచీలో కూర్చోబెట్టి వదిలేస్తారు, ఏమన్నా అయితే తమ మీదికి వస్తుందని. తెలియకపోతే బెత్తం తీస్తారు. రెండు సందర్భాల్లోనూ ఆటల పీరియడ్‌లో గట్టు మీదే కూర్చుంటాడు. మామూలు చిల్లు మూసిన పిల్లలు, కోలుకున్నాక, ఎక్కువమంది అందరిలాగే పరుగెత్తవచ్చు. ఎవరు ఏ ఆట ఆడవచ్చో గుండె వైద్యులు ఒక ముక్క రాసిస్తే సరిపోతుంది. 1992లో మన దేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆడుకునే హక్కును గుర్తించింది. గట్టు మీద కూర్చున్న పిల్లాడి ఒంటరితనాన్ని మనం ఆ హక్కుకు సంబంధించిన ప్రశ్నగా ఎన్నడైనా చూశామా?

ఆడపిల్లల దగ్గరికి వద్దాం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆపరేషన్ చేయించమని సలహా ఇచ్చిన పన్నెండేళ్ల లోపు పిల్లలు 405 మందిని తీసుకుని చూశారు. మగపిల్లల్లో 70 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. ఆడపిల్లల్లో 44 శాతం మందికే. ఆడపిల్లల తల్లిదండ్రులు చెప్పిన భయాల్లో, గుండె మీద కోత మచ్చ ఉంటే పెళ్లి కాదేమో అన్నది కూడా ఉంది. అంటే ఆపరేషన్ దాకా రాగలిగిన ఆడపిల్ల అప్పటికే ఒక వడపోత దాటి వచ్చింది. ఆమె బెంగ గురించి మాట్లాడాలంటే ముందు ఆమె బతికి ఉండాలన్నమాట.

బతికిన పిల్ల మచ్చతో బతకాలి. గొంతు కింద మొదలై రొమ్ము ఎముక పొడవునా ఉండే గీత అది. మగపిల్లాడు చొక్కా విప్పి స్నేహితులకు చూపించి గొప్పలు చెప్పుకోవడం నేను చూశాను. ఆడపిల్లకు మెడ దాకా మూసిన జాకెట్టు కుట్టిస్తారు. "ఎవరికీ చెప్పకు" అని నేర్పుతారు. కోస్తాలో ఒక డిగ్రీ విద్యార్థిని అన్నది: "నాకు గుండె జబ్బు నయమైందండీ. ఆ సంగతి దాచిపెట్టుకోవడం అనే జబ్బు మిగిలింది." హాస్టల్ గదిలో అందరూ పడుకున్నాక బట్టలు మార్చుకునేదట. సంబంధాలు చూడడం మొదలయ్యాక ఇంట్లో ఎకో రిపోర్టులు పెట్టె అడుక్కి వెళ్లాయి, ఏడాదికోసారి గుండె డాక్టరు దగ్గరకు వెళ్లడం ఆగిపోయింది. ఇక్కడ బెంగ, గుండె వేరువేరు కావని తెలుస్తుంది. రహస్యం కాపాడటం కోసం గుండె పరీక్షే మానేశారు.

ఆడపిల్లల విషయంలో మరో మెలిక ఉంది. భయం మగపిల్లాడిలో తన్నడంగా, విసిరికొట్టడంగా బయటపడితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. ఆడపిల్లలో అది తరచూ మౌనంగా మారుతుంది. మూల కూర్చుంటుంది, అడిగినదానికే జవాబు చెబుతుంది, పెట్టింది తింటుంది. "ఆపరేషన్ అయ్యాక మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలైందో" అని ఒక తాతగారు నాతో సంతోషంగా అన్నారు. ఆయన పక్కన కూర్చున్న ఆ పిల్ల నేను ఉన్న గంటలో ఒక్కసారి కూడా తలెత్తలేదు. మనం ఆడపిల్లల్లో మెచ్చుకునే గుణాలకూ, పిల్లల మానసిక వైద్యులు కుంగుబాటుకు గుర్తులుగా చెప్పేవాటికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఆసుపత్రి తలుపుల దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్లాలి. తల్లిని లోపలికి రానివ్వకపోవడం వైద్యానికి తప్పనిసరి అని మనం అనుకుంటాం. ఒకప్పుడు బ్రిటన్‌లోనూ అలాగే అనుకున్నారు. వారానికోసారి చూడనిచ్చే ఆసుపత్రులుండేవి. తల్లి వస్తే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే కుదురుగా ఉంటుంది అని వాళ్ల వాదన. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను సినిమా తీసి చూపించాడు. ఆ 'కుదురు' కుదురు కాదని, ఆశ వదులుకోవడమని అందులో కనిపించింది. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చనీ, ఐదేళ్లలోపు పిల్లలతో తల్లి కూడా ఉండే ఏర్పాటు చేయాలనీ సిఫార్సు చేసింది. సిఫార్సు చేసినంత మాత్రాన అది జరగలేదు. 1961లో లండన్‌లోని బాటర్‌సీలో కొందరు తల్లులు సంఘం పెట్టుకుని ఆసుపత్రుల వెంటపడ్డారు. ఆ రోజుల్లో వచ్చిన మాతృ వియోగ సిద్ధాంతాలను ఆడవాళ్లను ఉద్యోగాల నుంచి ఇంటికి పంపడానికి వాడుకున్నారనీ, వాటితో స్త్రీవాదులకు పెద్ద తగాదా ఉందనీ నాకు తెలుసు. ఆ తగాదాలో నేను ఇప్పటికీ స్త్రీవాదుల వైపే. కానీ బిడ్డకు తల్లి ఇరవైనాలుగు గంటలూ ఉండాలనడం వేరు, ఒళ్లు కోసిన రోజు బిడ్డకు తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండాలనడం వేరు. ఆ ముఖం తండ్రిదైనా కావచ్చు, అమ్మమ్మదైనా కావచ్చు. ఐసీయూలో ఇన్ఫెక్షన్ భయం నిజమే. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని రోజుకు కొన్నిసార్లు లోపలికి వెళ్లే నర్సుకు ఉన్న శుభ్రత, నేర్పితే తల్లికి రాదా?

మనం ఏమడగాలి? కొత్త పథకం అడగక్కర్లేదని నా అభిప్రాయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పత్రాలు చూడండి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పరీక్షించవలసిన ముప్పై సమస్యల జాబితా అందులో ఉంది. పుట్టుకతో వచ్చే గుండెజబ్బు ఆ జాబితాలో ఒకచోట ఉంది. ప్రవర్తన, నేర్చుకోవడం, ఏకాగ్రతకు సంబంధించిన సమస్యలు అదే జాబితాలో ఇంకోచోట ఉన్నాయి. జిల్లాకో సత్వర చికిత్సా కేంద్రం ఉండాలని కూడా ఉంది. ఒకే బిడ్డ రెండు చోట్లా ఉండవచ్చన్న ఊహ మాత్రం పనిలో కనిపించదు. ఆపరేషన్ అయిన ప్రతి బిడ్డనూ మూడు నెలలకొకసారీ, బడిలో చేర్చేముందొకసారీ, పదేళ్ల వయసులో ఒకసారీ ఆ కేంద్రానికి పిలిచి మాట, ఆట, నిద్ర, చదువు చూడమనడం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే ఇలాంటి పిల్లల ఎదుగుదలను క్రమంగా పరీక్షించాలని చెప్పింది. 2022లో మానసిక ఆరోగ్య నిపుణులు గుండె వైద్య బృందంలో భాగంగా ఉండాలని చెప్పింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ సేవలు పొందడాన్ని హక్కుగా గుర్తించి, పిల్లలకు అందించే సేవలను కూడా అందులో చేర్చింది. 2022 నుంచి టెలీమానస్ ఫోను 14416 తెలుగులోనూ పలుకుతోంది. ఆ ఇంట్లో ఫోను ఎవరి జేబులో ఉంటుందన్నది వేరే సంగతి.

"గుండె ఆపరేషన్లకే డబ్బు చాలడం లేదు, బెంగకు ఎక్కడి నుంచి తెస్తాం" అని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన మాటలో నిజాయితీ ఉంది. అయినా నేను అడిగేవాటిలో కొన్నింటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం తెలుగులో ఉండాలి. ఏడవనివ్వవచ్చు అన్న మాట అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏ నెల నుంచి పరుగెత్తవచ్చో, బడిలో టీచరుకు ఏం చెప్పాలో ఉండాలి. రాత్రి ఉలిక్కిపడటం, పక్క తడపడం కొన్నాళ్లు సహజమని, ఇన్ని వారాలు దాటితే ఫలానా చోటికి తీసుకురండి అని ఉండాలి. ఆ మాట తల్లికి ఒక్కదానికే కాదు, తండ్రినీ అత్తనూ కూడా కూర్చోబెట్టి డాక్టరే చెప్పాలి. ఎందుకంటే తల్లి ఇంటికెళ్లి చెబితే అది ఆమె సొంత కవిత్వం అవుతుంది. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు సంప్రదింపులు, పరీక్షలు, మందులు ఇచ్చే ఫాలోఅప్ ప్యాకేజీలు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. అందులో సైకాలజిస్టుతో నాలుగు కూర్చోవడాలు చేర్చితే ఖర్చు అవుతుంది, నిజమే. బిడ్డతో వచ్చే మనిషికి పోయిన రోజు కూలి ఇస్తే ఇంకా అవుతుంది. ఆ ఖర్చు ఇప్పుడు లేదని కాదు. దాన్ని తల్లులు భరిస్తున్నారు కాబట్టి బడ్జెట్లో కనబడటం లేదు.

నాకున్న ఒక జంకు కూడా చెబుతాను. పిల్లల మనసుల్లోకి నిపుణులను పంపడమంటే తల్లుల మీద మరో నిఘా పెట్టడం కావచ్చు. ఇప్పటికే అత్త, ఆశా కార్యకర్త, టీచరు, డాక్టరు ఆమె పెంపకానికి మార్కులు వేస్తున్నారు. కౌన్సిలరు ఐదో పరీక్షాధికారి అవుతుంది. అందుకని ఈ ఏర్పాట్లు ఎలా ఉండాలన్నది ఆ తల్లులే చెప్పాలి. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న తల్లినీ, రెండేళ్ల కిందట ఆపరేషన్ చేయించుకుని వెళ్లిన బిడ్డ తల్లినీ ఒక గదిలో కూర్చోబెడితే వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నేను ఒక ధర్మసత్రం వరండాలో విన్నాను. మా ప్రశ్నావళుల్లో లేని ప్రశ్నలవి. వాడికి నీళ్లు పోసేటప్పుడు మచ్చ మీద చెయ్యి వేస్తే ఊరుకుంటాడా? దాని గుండె చప్పుడు వినడానికి నువ్వింకా రాత్రుళ్లు లేస్తున్నావా? ఎప్పుడు మానేశావు?

రెండో తల్లి కొంచెం ఆలోచించి చెప్పింది: "మానలేదక్కా. కాకపోతే ఇప్పుడు లేచి విని, మళ్లీ పడుకుంటున్నా."